సాక్షి గుడ్లు

మధ్యాహ్నం రెండూ పదికి మేము ఫారం గేటు దాటాం. నాలుగింటికి మూడో షెడ్డులోని పన్నెండు వేల కోళ్ళనీ చంపి పూడ్చిపెట్టాలని పశువైద్య శాఖ ఉత్తర్వు. గొయ్యి అప్పటికే తవ్వేశారు. ఆ కోళ్ళతోపాటు తన తల్లి ముప్పై ఏళ్ళ పేరు కూడా ఆ గోతిలోకే పోతుందని, సూదమ్మ కూతురు పొద్దున్నే మా అక్కకి ఫోన్ చేసి ఏడ్చింది.

"మీ అమ్మ ఏమంటోంది?" అని అడిగింది అక్క.

"ఏమీ అనడం లేదండీ. అదే నా భయం."

మా అక్క డిటెక్టివ్. నేను ఆవిడ తమ్ముణ్ణి, డ్రైవర్ని, నోట్సు రాసేవాణ్ణి, దారిలో ఊసుపోనప్పుడు తిట్లు తినేవాణ్ణి కూడా. అక్క ఫోన్లో ఆ అమ్మాయికి ఒక పని పురమాయించింది. ఫారంలో గుడ్లు చూసే పెద్దావిడ దగ్గర ఐదో తేదీ గుడ్లు రెండు తీసుకుని ప్రయోగశాలలో ఇచ్చి, అక్కడే కూర్చోమంది. ఎందుకని నేను అడిగితే, "బండి చూసి నడుపు," అంది.

గేటు దగ్గర చెప్పుల మీద నీలం కవర్లు తొడిగించి, మందు నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచించి, తెల్ల కోట్లు వేయించి గానీ లోపలికి వదల్లేదు. నాకు చిన్నప్పటి నుంచీ కోళ్ళంటే భయం. ఇక్కడ కోళ్ళే నన్ను చూసి భయపడాలన్నట్టుంది వ్యవహారం.

సూదమ్మని ఆఫీసు పక్కన మందుల గదిలో కూర్చోబెట్టారు. అరవై ఏళ్ళు ఉంటాయి. చేతులకి బేడీలు. ఎడమచేతి చూపుడువేలు వంగదు. గిలగిల్లాడే కోడిని పట్టుకుని సూది వేసేటప్పుడు ఎప్పుడో ఒకసారి అది గురి తప్పి సొంత వేల్లో దిగిందట. చుట్టుపక్కల ఏ ఫారంలో టీకాలు వేయాలన్నా ఆవిడే. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో.

ఎదురుగా కుర్చీ వెనక్కి వాల్చి ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. పోయిన రెండు కేసుల్లోనూ ఆయన పట్టుకున్న మనిషిని అక్క విడిపించింది. ఆ సంగతి ఆయన మరిచిపోలేదని మా వైపు చూసిన చూపులోనే తెలిసింది.

"పది నిమిషాలిస్తాను," అన్నాడు. "నాలుగింటికి కోళ్ళు గోతిలోకి, ఈవిడ కోర్టుకి."

అక్క స్టూలు లాక్కుని సూదమ్మ ముందు కూర్చుంది.

"మూడో షెడ్డు కోళ్ళకి గురక జబ్బు సూది మీరే వేశారా?"

"నేనే. మూడు నెలల కిందట. ఇంకా గుడ్డుకి రాకముందు."

"ఎన్నింటికి?"

"పన్నెండు వేల నలభై."

"అంత కచ్చితంగానా?"

"ఉన్నవే పన్నెండు వేల నలభై అయితే ఇంకెన్నింటికి వేస్తాను?"

"ఎన్ని రోజులు పట్టింది?"

"నాలుగు తెల్లవారుజాములు. వెలుతురు వస్తే కోడి బెదురుతుంది. బెదిరిన కోడికి సూది వెయ్యకూడదు."

"మీ ఇంట్లో ఫ్రిజ్జులో దొరికిన సీసాలు ఎక్కడివి?"

సూదమ్మ నేల వైపు చూసింది.

"ఎవరిచ్చారు?"

నేల మీద నుంచి చూపు లేవలేదు. 

"చూశారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మౌనం అర్ధాంగీకారం."

"అది పెళ్ళిచూపుల్లో," అంది అక్క. "సీసాలు చూపించండి."

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ప్లాస్టిక్ కవరు పెట్టాడు. పన్నెండు సీసాలు, ఒక్కొక్కటీ వేలెడంత. మూతలు విప్పలేదు. ఆయన లెక్క సులువు: మందు ఇంట్లో దాచుకుంది, కోళ్ళకి ఉత్త నీళ్ళు గుచ్చింది, రక్ష లేని కోళ్ళకి జబ్బు పట్టింది, గుడ్లు పాడయ్యాయి. సమాచారం ఎవరో ఫోన్లో చెప్పారట, పేరు చెప్పలేదట.

అక్క ఒక సీసాని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. తర్వాత లేచి, గదిలో ఉన్న ఫ్రిజ్జు తెరిచి, అర లీటరు సీసా ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. లోపల పాలలాంటి చిక్కటి మందు.

"ఇదీ సూదిమందు. నూనెలో కలిపినది. ఒక్క సీసా వెయ్యి కోళ్ళకి. మీరు పట్టుకొచ్చిన దాంట్లో ఏముంది?"

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. సీసా అడుగున బియ్యపుగింజంత ఎండిన బిళ్ళ.

"ఇది నీళ్ళలో కరిగించి తాగించేదో, పిచికారీ కొట్టేదో. సూదిలో ఎక్కించేది కాదు. దీన్ని దాచుకుంటే ఆ సూది ఎలా ఎగ్గొట్టినట్టు?"

"ఏదో ఒక మందు. దొంగతనం దొంగతనమే. లేబుల్ కూడా పీకేసింది."

"పీకితే జిగురు మచ్చ ఉంటుంది. వేలితో తడిమి చూడండి. దీనికి అసలు లేబుల్ అంటించనే లేదు."

ఇన్‌స్పెక్టర్ తడమలేదు. కానీ కుర్చీ ముందు కాళ్ళు నేలకి ఆనాయి.

అప్పుడు సూదమ్మే, ఎవరూ అడక్కుండా, సీసాల వైపు చూస్తూ అంది. "సూదిలోది చచ్చిన పురుగు. అది ఏమీ చెయ్యదు, శత్రువు ఇలా ఉంటాడని ఒంటికి చూపించి పోతుంది. ఇందులో ఉన్నది బతికున్న పురుగు. కోరలు పీకామంటారు. ఎంతవరకు పీకారో పాముకే తెలియాలి."

 ఆ మాట నేను ఉన్నదున్నట్టు పుస్తకంలో రాసుకున్నాను.

తలుపు తోసుకుని డాక్టరు వచ్చాడు. ఈ ఫారం పశువైద్యుడు ఆయనే, సూదమ్మ అల్లుడూ ఆయనే. అందుకే యజమాని నుంచి గేటు కాపలావాడి దాకా అందరూ ఆయన్ని అల్లుడుగారు అనే పిలుస్తారు. నలభై దాటని మనిషి, నెమ్మదైన గొంతు, మెడలో వేలాడుతున్న మాస్కు. వస్తూనే గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చాడు.

"అత్తయ్యా, పొద్దుట్నుంచి ఏమీ తీసుకోలేదట. కాస్త తాగండి."

సూదమ్మ తీసుకోలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి ఆయన మా వైపు తిరిగాడు.

"ఆవిణ్ణి దొంగ అనడం నాకు నచ్చడం లేదు. కాకపోతే వయసు. చెయ్యి అలిసిపోయి ఏవో నాలుగు వరసలు వదిలేసి ఉంటారు. జబ్బుకి ఆ సందు చాలు. ముందు ముక్కూ గొంతూ, తర్వాత గుడ్డు సంచిలోకి దిగుతుంది. పెంకు రంగు తగ్గుతుంది, ముడతలు పడుతుంది, తెల్లసొన నీళ్ళయిపోతుంది."

"గుడ్లలో మార్పు ఎప్పుడు కనిపించింది?" అంది అక్క.

"పన్నెండో తేదీ. మొదట రంగు. పదిహేనుకి ముడతలు. నేను రోజూ రాసుకుంటాను. పగలగొట్టి అద్దం మీద పోసి, సొన ఎన్ని మిల్లీమీటర్లు ఎత్తు నిలబడిందో కూడా కొలుస్తాను."

"ఎంత శ్రద్ధండీ. ఎప్పట్నుంచి కొలుస్తున్నారు?"

"తొమ్మిదో తేదీ నుంచి." ఆయన కళ్ళు నిజంగానే మెరిశాయి. "గుడ్డు చాలా గొప్ప వస్తువండీ. అబద్ధం ఆడదు."

అక్క తలూపింది. నేను రాసుకున్నాను. రాసుకున్నాను గానీ, ఏం రాసుకున్నానో అప్పుడు నాకు తెలియలేదు.

"రెండో షెడ్డులో పొద్దున్న ఇరవై వేల పిల్లలు దిగాయి," అన్నాడాయన మాస్కు సర్దుకుంటూ. "పుట్టి ఒక్కరోజు. వేడి చూసుకోవాలి. వస్తాను."

వాచీ చూశాను. రెండూ నలభై ఐదు.

*

గుడ్లు చూసే పెద్దావిణ్ణి అందరూ దీపం పెద్దమ్మ అంటారు. చేతికర్ర అంత మనిషి, కళ్ళద్దాల వెనక కళ్ళు మాత్రం చాకులు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఈయన కూడా డిటెక్టివేనా, లేక తోడు వచ్చారా?" అంది. తోడే అన్నాను. "మంచిది, తలుపు మూయండి, చలి పోతుంది," అంది.

అది చల్లగది. గోడ పొడుగునా అరలు, అరల్లో ట్రేలు, ట్రేల్లో గోధుమరంగు గుడ్లు. ప్రతి వరసకీ ఆరు గుడ్లు, ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో ఒక తేదీ.

"ఇవి అమ్మకానికి కాదు," అంది పెద్దమ్మ. "రోజుకి షెడ్డుకి ఆరు గుడ్లు, ఏది చేతికొస్తే అది, తీసి పక్కన పెడతాం. నెల రోజులు ఉంచుతాం. కొన్నవాడు ఎవరైనా వచ్చి మీ ఫలానా రోజు సరుకు పాడంటే, ఆ రోజు గుడ్డు తీసి ముందు పెడతాను. సాక్షి గుడ్లంటాం. మనిషి మాట మారుస్తాడు గానీ గుడ్డు మారుస్తుందా?"

"మూడో షెడ్డువి కావాలి," అంది అక్క. "ఒకటో తేదీ నుంచి."

పెద్దమ్మ మూల ఉన్న డబ్బాలాంటి దీపం వెలిగించి, గదిలో లైటు ఆర్పేసింది. డబ్బాకి గుడ్డు పట్టేంత రంధ్రం. ఒకటో తేదీ గుడ్డు అందులో ఆనించగానే అది లోపలి నుంచి వెలిగింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, పసిపిల్లాడిలా దాని ముందు వంగిపోయాను. నలభై ఏళ్ళుగా గుడ్లు తింటున్నాను. పొద్దున్నే పెనం మీద పగలగొట్టి అవతల పారేసే ఆ పెంకులో ఇంత ఉందని ఒక్కసారీ చూడలేదు. పచ్చసొన నీడ మెల్లగా ఊగుతోంది, దాన్ని తెల్లసొన అన్ని వైపుల నుంచీ పట్టి ఉంచుతోంది, మొద్దు వైపు గోరంత గాలి గది. పెంకు మీద సూదిమొన కన్నాలు వేలకి వేలు, ఒక్కొక్కటీ వెలుగు చుక్క.

"దీనికి ఎంతసేపు పడుతుందో తెలుసా బాబూ?" అంది పెద్దమ్మ నా మొహం చూసి.

"తెలియదు పెద్దమ్మా."

"ఇంచుమించు ఇరవై ఐదు గంటలు. పచ్చసొన జారాక మూడు నాలుగు గంటల్లో తెల్లసొనా పైపొరా అయిపోతాయి. మిగతా ఇరవై గంటలూ పెంకే. ఎముకల్లోంచి సున్నం లాగి పొర మీద పొర వేస్తుంది. రంగు మాత్రం ఆఖర్న. ఇది రోజూ చేస్తుంది, పిచ్చిముండ, ఎవరూ మెచ్చుకోకపోయినా."

ఒకటి, రెండు, మూడు... ఒక్కో తేదీ దీపానికి ఎక్కి దిగుతోంది. ఎనిమిది దాకా ఒకేలా ఉన్నాయి. తొమ్మిదో తేదీ మొదటి గుడ్డు దగ్గర పెద్దమ్మ చెయ్యి ఆగింది.

"ఏమిటది?" అంది అక్క.

"వడ్డాణం."

గుడ్డు నడుముకి సరిగ్గా చుట్టూ ఒక గీత. దీపం మీంచి తీసి నా వేలితో తడిమించింది. సన్నటి కట్టు తగిలింది, అతికిన ఎముక మీద చెయ్యి వేసినట్టు.

"పెంకు ఇంకా పలచగా ఉన్నప్పుడు కోడి గట్టిగా బెదిరిందనుకో, ఒళ్ళు బిగపడుతుంది. గుడ్డు లోపలే చిట్లుతుంది. చిట్లిందని పారెయ్యదు. రాత్రంతా దాని మీదే మళ్ళీ సున్నం వేసి అతికించి, పొద్దున్న ఏమీ జరగనట్టు పెట్టేస్తుంది."

 ఆ గుడ్డు నా అరచేతిలోనే ఉంది. లోపలే పగిలి, లోపలే అతుక్కుని, పైకి ఒక గీత తప్ప ఏమీ చూపించని వస్తువు. దాన్ని గట్టిగా పట్టుకోవడానికి భయం వేసింది, కింద పెట్టడానికి మనసు రాలేదు.

తొమ్మిదో తేదీ ఆరు గుడ్లలో నాలుగింటికి వడ్డాణం ఉంది. పదో తేదీవి ఆరూ నున్నగా ఉన్నాయి. పన్నెండో తేదీవి పాలిపోయాయి. పదిహేనువి ముసలి చర్మంలా ముడతలు పడ్డాయి. పెద్దమ్మ ఒకటి పగలగొట్టి అద్దం పలక మీద పోస్తే తెల్లసొన నిలబడకుండా అంచుదాకా పారిపోయింది.

"వడ్డాణం పడాలంటే కోడి ఏ వేళప్పుడు బెదరాలి?" అంది అక్క.

"తొమ్మిదో తేదీ పొద్దున్న ఏడెనిమిదింటికి పెట్టిన గుడ్లివి. పెంకు మొదలైంది ముందు రోజు మధ్యాహ్నం. చిట్లేంత పలచగా ఉండేది సాయంత్రం. ఆరూ ఏడూ మధ్య అనుకో."

"ఎనిమిదో తేదీ సాయంత్రం, ఆరూ ఏడూ మధ్య," అని అక్క పైకి అంది. నేను రాశాను.  కోడి గడియారం చూడదు, సంతకం పెట్టదు. అయినా గంటతో సహా రాసి పెట్టింది.

అక్క ఫోన్ మోగింది. ప్రయోగశాల నుంచి సూదమ్మ కూతురు. అక్క విని, స్పీకరు పెట్టింది.

"ఐదో తేదీ గుడ్లు రెండింట్లోనూ పచ్చసొన నిండా గురక జబ్బుని ఆపే రక్షే ఉందట అండీ. సూది పడని కోడికి ఇంత ఉండదని రాసిస్తామంటున్నారు. అంటే మా అమ్మ..."

"మీ అమ్మ సూది వేసింది. నువ్వక్కడే ఉండమ్మా, కాగితం తీసుకో," అంది అక్క. గొంతులో ఏదో తేడా ఉంది. సంతోషం కాదు.

"పచ్చసొనలో రక్ష ఏమిటి పెద్దమ్మా?" అన్నాను.

"తల్లి ఒంట్లో ఉన్న రక్షంతా సొనలో పోసి పంపుతుంది బాబూ. పుట్టబోయే పిల్లకి మొదటి రెండు వారాలు జబ్బు తగలకుండా."

"ఈ గుడ్లలో పిల్లలు పుట్టవుగా. పుంజే లేదు."

"పుట్టవు. ఆ సంగతి దానికెవరు చెప్పారు?"

చెప్పినా పొయ్యకుండా ఉండేది కాదేమోనని నాకు అనిపించింది.

*

మూడూ ఇరవై. ఇన్‌స్పెక్టర్ సూదమ్మని వెంటబెట్టుకుని చల్లగదికే వచ్చాడు. అక్క ఆయనకి గుడ్లు చూపించి, ప్రయోగశాల మాట చెప్పింది. ఆయన వడ్డాణం మీద వేలు పెట్టి చూసి, నవ్వాడు.

"కోడి ఎందుకు బెదిరిందో ఎవరికి తెలుసు? పిల్లి దూరి ఉంటుంది."

"పిల్లి దూరితే ఆ మూల కోళ్ళు బెదురుతాయి. ఈ ఆరూ షెడ్డంతటా ఏరిన గుడ్లు. పైగా పిల్లి వచ్చి వెళ్ళిన నాలుగో రోజుకి షెడ్డంతా దగ్గుతుందా?"

"సరే. ఎవరో వచ్చి ఏదో కొట్టారనే అనుకుందాం. ఎనిమిదో తేదీ సాయంత్రం ఈవిడ ఎక్కడుంది?" సూదమ్మ వైపు తిరిగాడు. "ఎక్కడున్నావ్?"

"ఇంట్లో."

"ఎవరు చూశారు?"

"ఎవరూ లేరు."

"విన్నారా? మీరు ఆవిణ్ణి కాపాడడానికి వచ్చారో, ముంచడానికి వచ్చారో నాకర్థం కావడం లేదు. సూది ఎగ్గొట్టిందన్న కేసు పోయింది, విషం కొట్టిందన్న కేసు వచ్చింది. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే ఇదే."

 గోతి దగ్గర మనుషులు మాస్కులు కట్టుకుంటున్న అలికిడి కిటికీలోంచి వినిపిస్తోంది. అక్క మాత్రం పెద్దమ్మ వైపు తిరిగింది.

"ఇవాళ పొద్దుటివి, ఒకటో షెడ్డువి, సాక్షి గుడ్లు తీశారా?"

"తీశాను. ఇంకా దీపానికి పట్టలేదు. ఒకటో షెడ్డుకేం, నిక్షేపంగా ఉంది."

"పట్టండి."

లైటు ఆరింది. మొదటి గుడ్డు వెలిగింది. నడుము చుట్టూ గీత.

పెద్దమ్మ ఏమీ అనకుండా రెండోది పెట్టింది. గీత. మూడోది. గీత. నాలుగోది నున్నగా ఉంది. ఐదు, గీత. ఆరు, గీత. 

"ఇన్‌స్పెక్టర్ గారూ," అంది అక్క. "నిన్న సాయంత్రం ఆరూ ఏడూ మధ్య ఈవిడ ఎక్కడుంది?"

 "నిన్న మధ్యాహ్నం నుంచి నా స్టేషన్లో ఉంది."

"ఒకటో షెడ్డు తాళం?"

"నిన్న షెడ్లన్నీ మూయించాను. తాళాలన్నీ నా జేబులోనే..." ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్ళి ఆగిపోయింది. మనిషిని నేను ఎప్పుడూ ఇష్టపడలేదు గానీ, ఆ క్షణంలో జాలి వేసింది. "పావు తక్కువ ఆరుకి ఇచ్చాను. కోళ్ళకి మేత పడాలి కదా అన్నాడు. ఏడున్నరకి తెచ్చిచ్చాడు."

"ఎవరు?"

"అల్లుడుగారు."

అక్క నా చేతిలోంచి నోట్సు లాక్కుని వేలు పెట్టి చూపించింది. "గుడ్లు పాడైంది పన్నెండో తేదీన. ఆయన కొలవడం మొదలుపెట్టింది తొమ్మిదిన. ఇల్లు అంటుకోక మూడు రోజుల ముందే ఎవరైనా నీళ్ళ బిందెతో కూర్చుంటారా?"

పెద్దమ్మ లైటు వేసింది. అందరం సూదమ్మ వైపు చూశాం. ఆవిడ మా వైపు చూడటం లేదు. ఒకటో షెడ్డు గుడ్లలో ఒకదాన్ని బేడీల చేతులతోనే తీసుకుని, వంగని వేలితో ఆ గీతని నిమురుతోంది.

"ఈ కోళ్ళకి పుట్టిన రోజున మొదటి టీకా చుక్క నేనే వేశాను," అంది. "నన్ను జైల్లో పెడితే ఇంతటితో ఆపుతాడనుకున్నాను."

"సీసాలు ఆయనే ఇచ్చాడా?" అంది అక్క మెల్లగా.

"ఎనిమిదో తేదీ పొద్దున్న ఇచ్చి మూడో షెడ్డులో కొట్టమన్నాడు. తనే తయారుచేశాడు. ఒక్కసారి కొడితే జన్మంతా రక్ష, ఇక సూదులే అక్కర్లేదంటాడు. ముడత పడని గుడ్డు చూపిస్తే లోకం నమ్ముతుందట. చెడ్డవాడు కాడమ్మా. నమ్మినవాడు. గుడ్డు పెట్టే కోడికి చీటీ లేని మందు కొట్టనన్నాను. సీసాలు తిరిగిస్తే తనే కొడతాడని ఇంటికి పట్టుకుపోయాను. ఇంకో పెట్టె ఉందని నాకేం తెలుసు."

"మందు ఉడకబెట్టి పారెయ్యకపోయారా?"

"పారేస్తే ఋజువు ఉండదు. ఉంచి చెబితే కూతురి కాపురం ఉండదు. ఇన్ని రోజులూ ఆ ఫ్రిజ్జు తెరవడం, మూయడం. అంతే చేశాను." గుడ్డు జాగ్రత్తగా ట్రేలో పెట్టింది. "కాపురం అనుకుని ఇవి కూడా ప్రాణాలేనని మరిచాను."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి గోతి దగ్గరి వాళ్ళతో మాట్లాడాడు. ఆపండి, నేను వచ్చేదాకా ఒక్క కోడిని ముట్టుకోవద్దు అన్నాడు. మూడూ నలభై రెండు. నేను గోడకి చేరగిలబడి ఊపిరి పీల్చుకున్నాను. సూదమ్మ పేరు నిలబడింది, కోళ్ళు నిలబడ్డాయి, ఇక ఆయన్ని పిలిపించి అడగడమే మిగిలిందనుకున్నాను.

అక్క మొహంలో మాత్రం నిమ్మళం లేదు. "గుడ్లకి వచ్చిన కోళ్ళ మీద కొట్టి ముడతలు చూశాడు. ఒకటో షెడ్డులో మళ్ళీ కొట్టాడు. మనం వచ్చాం కాబట్టి ఇవాళ తను పట్టుబడతాడని తెలుసు. తెలిసినవాడు ఆఖరిసారి ఇప్పుడు దేని మీద కొడతాడు?"

సూదమ్మ తలెత్తింది. 

"పిల్లలు," అంది.

"వాటికి తగిలితే?"

"తల్లి రక్ష ఎంత ఉన్నా ఈ పురుగు ముందు ఆగదు. రోజు పిల్లకి తగిలితే గుడ్డు సంచి ఎదక్కముందే చితికిపోతుంది. చచ్చిపోవమ్మా, అదే ఘోరం. చక్కగా పెరుగుతాయి. తలమీద కిరీటం ఎర్రబడుతుంది. వేళకి గూట్లో కూర్చుంటాయి, లేస్తాయి. కింద గుడ్డు ఉండదు. జన్మలో ఉండదు. ఎందుకో వాటికీ తెలియదు."

అప్పుడు వినిపించింది. ఆవరణ అవతల నుంచి, సన్నగా, ఆగకుండా, ఒక మోటారు మూలుగు. నేను ఫ్యాను అనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ ఏమనుకున్నాడో తెలియదు. సూదమ్మ మాత్రం తల పక్కకి వంచి రెండు క్షణాలు విని, "సన్న తుంపర," అంది. "పిల్లలకి లావు చినుకు కొడతాం, ఊపిరితిత్తుల్లోకి దిగకూడదని. ఇది లోపలికే దించుతున్నాడు."

ఆ మాట పూర్తి చేసేసరికే ఆవిడ గుమ్మం దాటింది. అరవై ఏళ్ళ మనిషి, చేతులకి బేడీలతో, మందు నీళ్ళ తొట్టి దూకి ఎండలో పరిగెత్తింది. వెనక అక్క, అక్క వెనక ఇన్‌స్పెక్టర్, అందరి వెనకా నేను. రెండో షెడ్డు పొడుగునా పరదాలు దించి ఉన్నాయి. తలుపుకి లోపల గడియ. ఇన్‌స్పెక్టర్ భుజంతో ఒకసారి మోదాడు, ఇనుపతలుపు కదల్లేదు. లోపల వేలవేల గొంతులు, ఒక్కటే కిచకిచ, దాని పైన ఆ మూలుగు.

సూదమ్మ తలుపు దగ్గర ఆగలేదు. గోడ మలుపు తిరిగి, తన ఎత్తుకి మించి ఉన్న పెద్ద స్విచ్చుని రెండు చేతులూ కలిపి పట్టుకుని, ఒళ్ళంతా వేలాడేసి కిందికి లాగింది. మోటారు ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది.

దీపాలు ఆరిన షెడ్డులో పిల్లలు కూడా ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాయి. ఇరవై వేల ప్రాణాలు ఒకే గోడ అవతల ఊపిరి బిగబట్టడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను.  సూదమ్మ ఇంకా స్విచ్చుని వదల్లేదు, కళ్ళు మూసుకుని దానికే ఆనుకుని ఉంది.

అప్పుడు ఆ చీకట్లోంచి, ఎవరని అడక్కుండా, ఎప్పటిలాగే నెమ్మదిగా, మర్యాదగా డాక్టరు గొంతు వచ్చింది.

"అత్తయ్యా, కరెంటు వెయ్యండి. సగమే అయింది."